మెడ మీద 1944, గొట్టంలో వేరే కాలం

ఇంగ్లండ్‌లోని బిస్లీ మైదానంలో 1970ల్లో గురి పోటీలకు వచ్చిన రైఫిళ్లలో కొన్ని చూసేవాళ్లను తికమక పెట్టేవి. బట్ చెక్కకు ముందు మెడలా సన్నబడే ఉక్కు భాగం మీద 1944 అనో 1950 అనో ముద్ర ఉంటుంది. లోపల పెట్టే తూటా మాత్రం 7.62 మిల్లీమీటర్ల నాటో తూటా. ఆ తూటా ప్రమాణంగా ఖాయమైంది 1954లో. ఇంకా పుట్టని తూటాకు పదేళ్ల ముందే రైఫిల్ ఎలా తయారైందన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ముద్ర అబద్ధమాడటం లేదు. తాను ఏ ఉక్కు ముక్క మీద ఉందో ఆ ముక్క వయసు చెబుతోంది, అంతే. గొట్టం, చెక్క, సైట్లు, మ్యాగజైన్ తర్వాత ఎవరో ఎందుకో మార్చారు. పాత సైనిక రైఫిల్‌ను చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందుగా వెతికేది ఆ ముద్రలోని సంవత్సరాన్నే. తప్పు అక్కడే మొదలవుతుంది. ఇలాంటి వస్తువుకు ఒక్క పుట్టినతేదీ ఉండదు. ఒక్కో భాగానికి ఒక్కో తేదీ ఉంటుంది, ఆ తేదీల మధ్య తేడాలోనే దాని చరిత్ర ఉంటుంది. గురి పోటీల కోసం సవరించిన రైఫిళ్ల విషయంలో ఇది మరీ నిజం.

గుళ్ల మీది శాసనాలు చదివేవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. మండపం స్తంభం మీద ఉన్న శక సంవత్సరం ఆ స్తంభానికో, ఆ దానానికో చెందుతుంది. గర్భాలయం అంతకు రెండు వందల ఏళ్ల ముందుది కావచ్చు, గాలిగోపురం ఆ తర్వాతెప్పుడో లేచి ఉండొచ్చు. గుడి ఇప్పుడున్న రూపానికి ఎప్పుడొచ్చిందో చెప్పాలంటే అన్నిటికంటే ఆలస్యంగా చేరిన భాగాన్ని చూడాలి. అంతకు ముందు ఈ రూపం లేదని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు. రైఫిల్‌కూ అదే సూత్రం వర్తిస్తుంది. తక్కిన భాగాలన్నీ బిగిసే ఉక్కు బాడీ 1918ది, గొట్టం 1934ది, చెక్క 1942ది అయితే, ఈ మూడూ ఒకచోట కలిసింది 1942కు ముందు కాదు.

దీనికి లీ-ఎన్‌ఫీల్డ్ కంటే మంచి ఉదాహరణ లేదు. తెలుగునాట పోలీసు స్టేషన్ గుమ్మం దగ్గర సెంట్రీ భుజాన తరాల తరబడి వేలాడిన 'త్రీ నాట్ త్రీ' ఈ కుటుంబానిదే. స్కాట్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్ట్, పెట్టె మ్యాగజైన్ దీనికి మూలం. 1888లో లీ-మెట్‌ఫర్డ్‌గా బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది, 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. 1900ల మొదట్లో గొట్టం పొట్టి చేశారు, 1907లో మార్క్ 3 వచ్చింది. 1926లో దాని పేరు మార్చి నంబర్ 1 అన్నారు. 1939లో ఆమోదం పొందిన నంబర్ 4 రెండో ప్రపంచ యుద్ధంలో ప్రధాన రైఫిల్ అయింది. ఇంగ్లండ్‌లో ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హామ్, ఆస్ట్రేలియాలో లిత్‌గో, మన దేశంలో ఇషాపూర్ నంబర్ 1ను చేశాయి. నంబర్ 4కు ఇంగ్లండ్‌లోని ఫాజకర్లీ, మాల్ట్‌బీ, కెనడాలోని లాంగ్ బ్రాంచ్, అమెరికాలోని సావేజ్ కంపెనీ తోడయ్యాయి. ఇన్ని దేశాలు, ఇన్ని దశాబ్దాలు, ఒకదాని భాగం మరొకదానికి పట్టే అమరిక. భాగాలు చేతులు మారడానికి ఇంతకంటే ఏం కావాలి?

బాడీ దగ్గర మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు, అక్కడే ఆగిపోవడం తప్పు. నంబర్ 1 మెడకు కుడివైపున కిరీటం, దాని కింద రాజు పేరు సంకేతం, తయారీదారు పేరు, సంవత్సరం, నమూనా వరసగా ఉంటాయి. ఇ.ఆర్. ఉంటే ఏడో ఎడ్వర్డ్ కాలం, అంటే 1901 నుంచి 1910 లోపు. జి.ఆర్. ఉంటే ఆ తర్వాతిది. ఇషాపూర్‌లో చేసిన వాటి మీద చాలాకాలం జి.ఆర్.ఐ. అని ఉండేది, చివరి ఐ చక్రవర్తికి గుర్తు. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. ప్రభుత్వ ఆస్తి అని చెప్పే బాణం గుర్తు కూడా దేశాన్నిబట్టి మారుతుంది: కెనడాది సి అక్షరం లోపల బాణం, దక్షిణాఫ్రికాది యు లోపల, ఆస్ట్రేలియాది రెండు డిల మధ్య. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా పెట్టుకుని కనిపిస్తే ప్రభుత్వం దాన్ని అమ్మేసిందని అర్థం. కొన్నిటి మీద పెద్ద అక్షరాల్లో 'ఇంగ్లండ్' అని ఉంటుంది. దాన్ని తయారీ ముద్ర అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. అది యుద్ధానంతరం అమెరికాకు అమ్మిన సరుకు మీద ఏ దేశపు వస్తువో తెలియాలని కొట్టిన ముద్ర. ఫ్యాక్టరీ పుట్టుకతో దానికి సంబంధం లేదు, రైఫిల్ సముద్రం దాటిందని మాత్రం చెబుతుంది.

బాడీ తర్వాత ఎక్కువ మాట్లాడేది గొట్టం. మొదటి మెట్‌ఫర్డ్ గొట్టాల్లో ఏడు గాడులు, లోతు తక్కువ, అంచులు గుండ్రం. కార్డైట్ మందు వేడికి అవి త్వరగా అరిగిపోతుంటే పదునైన అంచులున్న అయిదు గాడుల ఎన్‌ఫీల్డ్ గొట్టం తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో తయారీ వేగం పెంచాలని నంబర్ 4కు రెండే గాడులున్న గొట్టాలూ బిగించారు. గొట్టం లోపలికి వెలుతురు పంపి గాడులు లెక్కపెడితే చాలు, కాలం గురించి ఒక అంచనా వస్తుంది. గొట్టం మొదట్లో, తూటా కూర్చునే గది పైన లావుగా ఉండే చోట రెండంకెల చిన్న సంవత్సరం ఉంటుంది. కొన్నిటి మీద అక్కడే హెచ్.వి. అని కూడా ఉంటుంది. 1910లో గుండ్రటి ముక్కున్న బరువైన గుండు స్థానంలో సూదిమొన గుండు వచ్చింది. అది ఎక్కువ వేగంతో వెళ్తుంది కాబట్టి సైట్ మీది దూరపు గీతలు మార్చాల్సి వచ్చింది. ఆ మార్పు జరిగిందని చెప్పేదే ఈ రెండక్షరాల ముద్ర. అంటే బాడీ మీద 1908 ఉండి గొట్టం మీద హెచ్.వి. ఉంటే, 1910 తర్వాత ఎవరో దాన్ని విప్పి సరిచేశారన్నమాట. గురి పోటీల రైఫిల్‌లో అన్నిటికంటే ముందు అరిగేది గొట్టమే. రోజూ సాధన చేసే షూటర్ కొన్నేళ్లకు దాన్ని మార్చక తప్పదు. కాబట్టి పోటీ రైఫిల్‌లో బాడీ కంటే చిన్నవయసు గొట్టం కనిపిస్తే అనుమానించాల్సిన పనిలేదు. వందేళ్ల బాడీకి వందేళ్ల గొట్టమే మెరుస్తూ కనిపిస్తే దాన్ని అనుమానించాలి, పోటీల్లో వాడారన్న మాటను కూడా.

ఆస్ట్రేలియా వాళ్ల బరువు గొట్టాలు దీనికి మంచి సాక్ష్యం. అక్కడి రైఫిల్ క్లబ్బుల్లో సైనిక రైఫిల్‌తోనే పోటీలు. పల్చటి గొట్టం వేడెక్కితే గురి జారుతుంది. అందుకని లిత్‌గో ఫ్యాక్టరీ మందం ఎక్కువున్న గొట్టాలు చేసి వాటిమీద హెచ్ అక్షరం కొట్టింది. ఆ తర్వాత యుద్ధం చివరి రోజుల్లో దూరదర్శిని బిగించిన స్నైపర్ రైఫిల్ కావాల్సి వస్తే ఈ బరువు గొట్టాన్నే వాడుకుని హెచ్.టి. రకం చేశారు. మొత్తం 1600 చిల్లర. వాటిలో పాత బాడీల మీద కట్టినవీ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాడీ, క్లబ్బు పోటీల కోసం పుట్టిన గొట్టం, రెండో యుద్ధం నాటి దూరదర్శిని. మెడ మీది సంవత్సరం ఒక్కటే చదివినవాడు ఈ రైఫిల్‌ను ముప్ఫై ఏళ్లు వెనక్కి నెట్టేస్తాడు.

చిన్న భాగాలు ఒక్కోసారి పెద్దవాటి కంటే కచ్చితంగా మాట్లాడతాయి. తొలి మార్క్ 3లో మ్యాగజైన్ మీదికి జరిపే ఒక రేకు ఉండేది, కటాఫ్ అంటారు. అది వేస్తే తూటాలు ఒక్కొక్కటిగా చేత్తో పెట్టుకోవాలి, మ్యాగజైన్‌లోవి అవసరానికి దాచుకోవచ్చు. ఎడమపక్కన మైలున్నర దూరంలోని గుంపుల మీదికి అందరూ కలిసి పేల్చడానికి వేరే సైట్ ఉండేది. బట్ మీద రెజిమెంట్ వివరాలు చెక్కే ఇత్తడి బిళ్ల ఉండేది. కందకాల యుద్ధంలో ఇవన్నీ దండగ అని తేలి 1916లో మార్క్ 3 స్టార్ పేరుతో వాటిని తీసేశారు. అయితే కటాఫ్ ఉన్నంత మాత్రాన 1916కు ముందుదని తేల్చేయకూడదు. యుద్ధం ముగిశాక కొన్ని ఫ్యాక్టరీలు మళ్లీ కటాఫ్ ఉన్న నమూనానే చేశాయి. చెక్క విషయానికొస్తే, ముందు వాల్‌నట్, యుద్ధకాలంలో దొరికిన బీచ్, బర్చ్. ఆస్ట్రేలియాలో కోచ్‌వుడ్ అనే స్థానిక చెక్క. అక్కడ టెన్నిస్ రాకెట్లకు పేరుపడ్డ స్లాజెంజర్ కంపెనీ యుద్ధంలో రైఫిల్ చెక్కలు చేసింది, వాటిమీద దాని పేరు కుదించి సంవత్సరంతో సహా కొట్టింది. నంబర్ 4లో ట్రిగ్గర్ చూస్తే చాలు: యుద్ధకాలపు వాటిలో ట్రిగ్గర్ కింది కవచానికి వేలాడుతుంది, 1949లో వచ్చిన మార్క్ 2లో నేరుగా బాడీకి వేలాడుతుంది. తేమకు చెక్క ఉబ్బినా ఎండకు కుంచించుకున్నా కవచం కాస్త కదిలేది, దాంతో ట్రిగ్గర్ లాగే బరువు మారేది. గురి పోటీల్లో వెంట్రుకవాసి తేడాను కూడా లెక్కగట్టేవాళ్లకు ఇది పెద్ద విషయమే.

పోటీ రైఫిల్‌లోని మార్పులకు మరో ఆధారం పోటీల నిబంధనలు. బ్రిటన్‌లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీలు 1860లో వింబుల్డన్‌లో మొదలయ్యాయి, 1890లో బిస్లీకి మారాయి. సైనిక రైఫిల్‌కు ఏ మార్పు చేసుకోవచ్చో, ఏది కూడదో ఆ సంఘం చెప్పేది. సైనిక సైట్ తీసేసి చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ బిగించుకోవడానికి ఒప్పుకున్న తరగతి ఉండేది. పార్కర్ హేల్ కంపెనీ నంబర్ 1కు ఒకరకం, నంబర్ 4కు మరోరకం పీప్ సైట్లు చేసింది. చెక్కలో గొట్టం ఎక్కడ ఆనుకోవాలన్నది మరో పెద్ద విద్య. సైనిక పద్ధతిలో నంబర్ 4 గొట్టం మూతి దగ్గర చెక్క మీద కాస్త ఒత్తిడితో ఆనుతుంది. పోటీల వాళ్లు ఆ ఆనిక మధ్యలోకి తెచ్చారు. బిస్లీలోని ఫుల్టన్ కుటుంబం ఈ పనికి పేరుమోసింది. వాళ్లు సరిచేసిన రైఫిల్ మీద తమ పేరు కొట్టేవారు. ఆ ఇంట్లో ఆర్థర్ ఫుల్టన్ రాజు పేరిట ఇచ్చే బహుమతిని మూడుసార్లు గెలిచాడు. చెక్క విప్పి లోపల గొట్టం ఆనిన గుర్తులు ఎక్కడున్నాయో చూస్తే, పైన ఏ సైట్ ఉన్నా లేకపోయినా అది పోటీలకు వెళ్లిన రైఫిలో కాదో తెలిసిపోతుంది. సైట్ పది నిమిషాల్లో మార్చేయొచ్చు. చెక్క లోపల చెక్కిన చెక్కుడు అంత తేలిగ్గా పోదు.

1960ల చివర్లో పోటీలు 303 తూటా వదిలి 7.62కు మళ్లాయి. సైన్యం అప్పటికే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు మారిపోయింది, పోటీలకు మాత్రం బోల్ట్ రైఫిల్ కావాలి. గిడ్డంగుల్లో నంబర్ 4లు కుప్పలుగా ఉన్నాయి. వాటి బాడీకి బరువైన కొత్త గొట్టం, తూటా తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌ను మార్చి పెట్టి ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ సైన్యం పోటీల కోసం ఎల్39ఎ1 చేసింది. పౌరులకు దాని పేరు ఎన్వాయ్. అదే పద్ధతిలో పాత స్నైపర్ రైఫిళ్లను ఎల్42ఎ1గా మార్చారు. ప్రభుత్వం మార్చిన వాటి బాడీ మీద, బోల్ట్ మీద 19టి అని కనిపిస్తుంది. చదరపు అంగుళానికి 19 టన్నుల లెక్కన ఒత్తిడి పరీక్షకు నిలిచిందని దానర్థం. మొదట్లో చెప్పిన చిక్కుముడికి జవాబు ఇదే.

ఇలా భాగాలనుబట్టి వయసు చెప్పడానికి అభ్యంతరాలు లేకపోలేదు. సీరియల్ నంబర్లు ఉన్నాయి కదా, వాటినిబట్టి తేదీ చెప్పొచ్చు కదా అంటారు. కానీ ఆ నంబర్లు చాలాచోట్ల నాలుగంకెలు దాటవు. 9999 అయ్యాక ముందు ఒక అక్షరం చేర్చి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. ఒకే నంబరు ఎన్‌ఫీల్డ్‌లోనూ లిత్‌గోలోనూ ఇషాపూర్‌లోనూ ఉండొచ్చు. ఫ్యాక్టరీ, నమూనా, సంవత్సరం తెలియకుండా నంబరుకు అర్థం లేదు. అప్పుడు మళ్లీ భాగాల దగ్గరికే రావాలి. మరికొందరిది స్వచ్ఛతా వాదం: అన్ని భాగాల మీదా ఒకే నంబరు ఉంటేనే అసలైనది, లేకపోతే కలగూరగంప అంటారు. వేలంపాటల కేటలాగులు ఈ నమ్మకం మీదే ధర పెంచుతాయి. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో బర్మింగ్‌హామ్‌లోని స్టాండర్డ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ వేరే కంపెనీలు చేసిన భాగాలు తెచ్చి రైఫిళ్లు కట్టింది. 1918లో ప్రభుత్వం దాన్ని తీసుకుని జాతీయ రైఫిల్ ఫ్యాక్టరీ అన్నా పని అదే. అక్కడ కలగూరగంపే అసలు రూపం. దీనికి పూర్తి విరుద్ధం ఫ్యాక్టరీ మరమ్మతు. పాత రైఫిల్‌ను పూర్తిగా విప్పి, అరిగినవి తీసేసి, వచ్చిన కొత్త భాగాల మీద పాత నంబర్లు గీకేసి ఒకే నంబరు కొట్టేవారు. బాడీ ఎడమవైపు ఎఫ్.టి.ఆర్. అని, పక్కన సంవత్సరం ఉంటే అది జరిగిందని తెలుసుకోవచ్చు. అంటే నంబర్లన్నీ కలిసిన రైఫిలే తర్వాత కలిపిందై ఉండొచ్చు.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. భాగాలు ఎవరైనా మార్చగలిగినప్పుడు, డబ్బు కోసం దొంగ చరిత్ర కూడా కట్టొచ్చు కదా? నిజమే, కట్టారు కూడా. రెండో యుద్ధం నాటి నంబర్ 4 (టి) స్నైపర్ రైఫిల్‌కు మామూలు దానికంటే ధర చాలా ఎక్కువ. మామూలు రైఫిల్‌కు బిగింపు దిమ్మెలు పెట్టి, దూరదర్శిని తగిలించి అమ్మినవాళ్లున్నారు. దీనికి భాగాల సాక్ష్యాన్ని వదిలేయడం జవాబు కాదు, తూకం వేయడమే. అసలైన వాటిని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ కట్టింది. ఎస్51 అనే దాని సంకేతం బట్ కింద ఉంటుంది. దూరదర్శిని నంబరు బట్ పైన మెడ దగ్గర కొట్టి ఉంటుంది, రైఫిల్ నంబరు దూరదర్శిని బ్రాకెట్ మీద ఉంటుంది, ఎంపికైన రైఫిల్ మెడ ఎడమవైపు టి.ఆర్. అక్షరాలు ఉంటాయి. ఒక్కొక్కటి దొంగగా చేయొచ్చు. అన్నీ ఒకే వయసుతో, ఒకే అరుగుదలతో, ఒకదాన్నొకటి సమర్థిస్తూ కుదరడం కష్టం. తేలిగ్గా విప్పగలిగిన సైట్‌కు తక్కువ విలువ, బాడీలో మరలతో బిగిసిన గొట్టానికి ఎక్కువ, చెక్కలోపల ఆనిక గుర్తుకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

మన ఇషాపూర్ రైఫిళ్లకు ఇదే చూపు కావాలి. కోల్‌కతాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ఫ్యాక్టరీ, 1962 చైనా యుద్ధం తర్వాత పాత నంబర్ 1 ఆకారాన్నే ఉంచి 7.62 తూటాకు 2ఎ, 2ఎ1 రైఫిళ్లు చేసింది. పాత 303కే గొట్టం మార్చారని చాలామంది అనుకుంటారు. ఇవి మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసిన బాడీలు. పాత దానిలో ఏటవాలు మ్యాగజైన్ ఉంటే దీనిలో నలుపలకల పెట్టె. 2ఎలో వెనక సైట్ గీతలు 2000 దాకా ఉంటాయి, 2ఎ1లో 800కే ఆగుతాయి. అమెరికాకు మిగులు సరుకుగా వెళ్లిన వీటిని అక్కడి వ్యాపారులు గొట్టం కత్తిరించి 'జంగిల్ కార్బైన్' పేరుతో అమ్మారు. అసలు జంగిల్ కార్బైన్ నంబర్ 4 బాడీ మీద కట్టింది, నంబర్ 1 ఆకారపు బాడీకి ఆ పేరు చెల్లదు. ఇషాపూర్‌లోనే పోలీసుల కోసం 303 రైఫిల్‌ను 410 మస్కెట్‌గా మార్చారు. మ్యాగజైన్ స్థానంలో చెక్క దిమ్మె పెట్టి ఒక్కో తూటా వేసుకునేలా చేశారు. పైకి చూస్తే త్రీ నాట్ త్రీయే.

ఈ తేడాలు తెలియకపోతే పోయేది చరిత్ర ఒక్కటే కాదు. బోల్ట్ మూతికీ గది అంచుకూ మధ్య దూరం కొలతలో ఉండాలి. 303కు అది 0.064 అంగుళాల నుంచి 0.074 లోపు. నంబర్ 4లో ఆ దూరం సరిచేయడానికే బోల్ట్ ముక్కులు సున్నా నుంచి మూడు వరకూ సైజుల్లో చేసేవారు. వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది, తూటా తొడుగు వెనక భాగం చీలొచ్చు. అందువల్ల బోల్ట్ పిడి వెనక నంబరు బాడీ నంబరుతో కలవకపోతే ముందు గేజ్ పెట్టి కొలవాలి. ఆయుధాగారం రిజిస్టర్లో గానీ మ్యూజియం చీటీ మీద గానీ 'లీ-ఎన్‌ఫీల్డ్, 1943' అని ఒక్క ముక్కలో రాయడం కంటే ఇలా రాస్తే మేలు: బాడీ లాంగ్ బ్రాంచ్, 1943, గొట్టం 7.62, 1960ల చివరి తర్వాతది; చెక్కలో ఆనిక మధ్యకు మార్చినది; సైట్ పార్కర్ హేల్, ఎప్పుడు చేరిందో సాక్ష్యం లేదు; బోల్ట్ నంబరు వేరు, గేజ్‌తో చూడలేదు.